చీటీ మన చేతిలో, పద్దు వాళ్ల దగ్గర

మిరపకాయలు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన పల్నాడు రైతుకి ఈ వారం నేను చెప్పబోయేదాంట్లో సగం ముందే తెలుసు. యాభై టిక్కీలు బండి మీద తీసుకెళ్లి దించుతాడు. గుమస్తా వాటికి లాటు నంబరు వేసి, తన పుస్తకంలో రాసుకుని, ఒక బాండు చేతికిస్తాడు. కాయలు లోపల చల్లగా ఉంటాయి, కాగితం జేబులో ఉంటుంది. రేటొచ్చిన రోజు ఆ కాగితం చూపిస్తే ఆ నంబరు టిక్కీలే బయటికొస్తాయి, పక్కోడివి రావు.

చాలా వెబ్‌సైట్లలో మీరు లాగిన్ అయినప్పుడు జరిగేది ఇదే. సైటు నడిచే కంప్యూటర్ని సర్వర్ అంటాం. అది తన పుస్తకంలో మీ పేరు మీద ఒక పద్దు తెరిచి, ఒక నంబరు వేసి, ఆ నంబరున్న చీటీని మీ బ్రౌజర్‌కి ఇస్తుంది. ఆ పద్దు పేరు సెషన్, ఆ చీటీ పేరు కుకీ. తర్వాత మీరు ఏ లింకు నొక్కినా బ్రౌజర్ ఆ చీటీని మీకు చెప్పకుండానే చూపిస్తూ ఉంటుంది.

ఒక్క తేడా ఉంది. కోల్డ్ స్టోరేజీ గుమస్తా రైతు ముఖం చూస్తాడు. బాండు మీద పేరు చూస్తాడు. అనుమానం వస్తే ఆధార్ అడుగుతాడు, "మీది రెంటచింతల కదా, మీ తమ్ముడు రాలా?" అని కూడా అంటాడు. సర్వర్‌కి ముఖాలు తెలీవు. అది కోటప్పకొండ తిరునాళ్లలో చెప్పుల స్టాండు దగ్గర కూర్చున్న కుర్రాడి లాంటిది. ఆ జనంలో ఎవరి ముఖం గుర్తుంటుంది? టోకెన్ ఎవరిస్తే చెప్పులు వాళ్లవి. ఈ వ్యాసంలో మిగతాదంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

"పొద్దునేగా పాస్‌వర్డ్ కొట్టింది, మళ్లీ అడుగుద్దేందిరా? దానికేమన్నా మతిమరుపా?" అని మా పెదనాన్న అడుగుతుంటాడు.

మతిమరుపే పెదనాన్నా, పుట్టుకతో వచ్చింది. టిమ్ బెర్నర్స్ లీ జెనీవా దగ్గర సెర్న్ ప్రయోగశాలలో వెబ్‌ని తయారు చేసినప్పుడు దాని పని కాగితాలు అందించడమే. ఫలానా పేజీ కావాలి అని అడుగు, ఇచ్చేస్తుంది, మిమ్మల్ని మర్చిపోతుంది. రెండో పేజీ అడిగినప్పుడు మీరు దానికి మళ్లీ కొత్తవాళ్లే. చదువుకోడానికి ఆ మతిమరుపు హాయి, ఎంతమందికైనా గాభరా లేకుండా వడ్డించొచ్చు. కొనడానికి, ఫీజు కట్టడానికి అది పనికిరాదు. ఎందుకంటే సైటు వెనకాల ఒక్క ప్రోగ్రామ్ ఉండదు. లాగిన్‌కి ఒక స్క్రిప్టు, ఫీజుకి ఒకటి, రసీదుకి ఒకటి. పెద్దాసుపత్రిలో ఓపీ కౌంటరు, రక్తపరీక్ష గది, డాక్టరు గది, మందుల కిటికీ ఉన్నట్టే. ఏ గదివాళ్లకీ పక్క గదిలో ఏం జరిగిందో తెలీదు. మన చేతిలో ఓపీ చీటీ ఉంది కాబట్టి బతికిపోతున్నాం.

వెబ్‌కి ఆ ఓపీ చీటీని ఇచ్చింది లూ మాంటుల్లీ అనే అమెరికా కుర్రాడు. 1994లో నెట్‌స్కేప్‌లో పని చేస్తుండగా ఎంసీఐ అనే టెలిఫోన్ కంపెనీ కోసం ఆన్‌లైన్ దుకాణం తయారు చెయ్యాల్సి వచ్చింది. కొనేవాడు బుట్టలో ఏం వేసుకున్నాడో ఎక్కడ గుర్తుపెట్టుకోవాలి? మా సర్వర్‌లో వద్దు, అక్కడ సగం సగం బేరాలు పేరుకుపోతాయి అంది కంపెనీ. అయితే కొనేవాడి కంప్యూటర్లోనే దాస్తా అన్నాడు మాంటుల్లీ. యూనిక్స్ ప్రోగ్రామర్లు ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి అందించే గుర్తుని అప్పటికే మ్యాజిక్ కుకీ అనేవారు, ఆ పేరే తీసుకున్నాడు. ఆ ఏడాది అక్టోబర్లో విడుదలైన నెట్‌స్కేప్ మొదటి బీటాలోనే కుకీ ఉంది. మొదటి ఉద్యోగం కూడా చిన్నదే: ఈ మనిషి మా సైటుకి ఇంతకుముందు వచ్చాడా లేదా అని చూడటం. దీనికి రాతపూర్వకమైన ప్రమాణం 1997లో వచ్చింది. తర్వాత బ్రౌజర్లు ఆధారపడిన ప్రమాణం 2011లో వచ్చింది.

గమనించారా, మాంటుల్లీ మొదట అనుకున్నది సరుకంతా చీటీలోనే రాసి కొనేవాడి చేతికివ్వడం. కోల్డ్ స్టోరేజీ లెక్కలో చెప్పాలంటే బాండుతోపాటు మిరపకాయలు కూడా రైతు నెత్తినే పెట్టి పంపడం. ఒక కుకీలో నాలుగు వేల చిల్లర అక్షరాలు పడతాయి, చిన్న బుట్టకి అది చాలు. కానీ కొనేవాడి చేతిలో ఉన్న కాగితాన్ని కొనేవాడు దిద్దగలడు. ధర 900 అని చీటీలో రాసి పంపితే 90 అని దిద్ది తిరిగి చూపించేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. అందుకని తెలివైన సైట్లు తొందరగానే సరుకుని లోపల పెట్టుకుని నంబరు మాత్రం బయటికివ్వడం మొదలెట్టాయి. 2000లో వచ్చిన పీహెచ్‌పీ నాలుగో వెర్షన్ ఈ పనిని సొంతంగానే చేసిపెట్టడంతో చిన్న ఊళ్ల ప్రోగ్రామర్లకి కూడా ఇది చేతికందింది.

అందరూ అందుకున్నారా అంటే, అది వేరే కథ.

మా వైపు ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. పేరు చెప్పను. ఫీజుల సైటు ఎప్పుడో పీహెచ్‌పీలో రాయించుకున్నారు. మార్కులూ పరీక్ష దరఖాస్తులూ చూసుకునే రెండో సైటు తర్వాత పైథాన్‌లో రాయించుకున్నారు. రాసినవాళ్లు వేరువేరు. పిల్లలు రెండు చోట్లా లాగిన్ అవ్వాల్సి వచ్చేది, రెండు పాస్‌వర్డ్‌లు మర్చిపోయేవాళ్లు, ఆఫీసు ముందు వరస కట్టేవాళ్లు. ఏవో గారు విసుగెత్తి "ఒకసారి లాగినైతే రెండూ తెరుచుకోవాలయ్యా" అన్నారు. అప్పుడున్న ప్రోగ్రామరు ఒక్క రోజులో చేసి చూపించాడు. ఫీజుల సైటులో లాగినవ్వగానే రోల్‌నంబరుని కుకీలో రాసేశాడు. మార్కుల సైటు ఆ కుకీలో ఏ నంబరుంటే ఆ పిల్లాడి పేజీ తెరిచేది. అందరూ సంతోషించారు.

జేఎన్‌టీయూ కాకినాడ కింద చదివినవాళ్లకి రోల్‌నంబరు ఎట్టా ఉంటుందో తెలుసు. ముందు చేరిన ఏడాది, తర్వాత కాలేజీ కోడు, 1ఏ, తర్వాత బ్రాంచి (సివిల్‌కి 01, ఈసీఈకి 04, సీఎస్ఈకి 05), చివర్లో రెండంకెల వరస సంఖ్య. నా నంబరు తెలిస్తే నా క్లాసంతా తెలిసినట్టే. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి కుకీలో చివరి రెండంకెలు మారిస్తే పక్క బెంచీ పిల్ల పేజీ వచ్చేస్తుంది. మార్కులు ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. ఆ పేజీలో ఎంత ఫీజు బాకీ ఉందో, రీయింబర్స్‌మెంట్ వచ్చిందో లేదో, తండ్రి పేరు, ఊరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. హాస్టల్ వదిలి గురజాల, దాచేపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే ఆడపిల్లల ఊళ్లూ ఫోన్లూ కూడా.

ఇది పట్టుకున్నది మూడో ఏడాది చదివే అమ్మాయి. వెబ్ టెక్నాలజీ ల్యాబులో కుకీ పాఠం చెప్పించుకుని, సరదాకి సొంత కాలేజీ సైటు మీదే చూసింది. ల్యాబు చెప్పే మాస్టారు నా క్లాస్‌మేట్. ఆమె "సార్, నేను ఎవరిదైనా చూడొచ్చు. అంటే నాది కూడా ఎవరైనా చూడొచ్చా?" అని అడిగిందట. అతను ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు. కంపెనీ పని నేను నరసరావుపేటలో ఇంటి నుంచే చేస్తున్నాను కాబట్టి శనివారం అక్కడికి వెళ్లి కూర్చోవడం పెద్ద పనేం కాదు. సైటుని ఆ రాత్రికే మూయించాం. ఏవో గారికి మొదట కోపం ఆ అమ్మాయి మీద వచ్చింది. "ఆ పిల్లకి అదేం పని?" అన్నారు. మా మాస్టారు గట్టిగా నిలబడబట్టి ఆమె పేరు ఆఫీసు దాకా పోలేదు. కన్నం ఉందని చెప్పినవాణ్ని దొంగలా చూసే అలవాటు మన సంస్థల్లో ఎప్పుడు పోతుందో.

ఆ ప్రోగ్రామర్ని మాత్రం నాకు తిట్టబుద్ధి కాలేదు. రెండు స్క్రిప్టుల మధ్య మనిషిని మోసుకెళ్లాలి అన్న ఆలోచన సరైనదే. రోల్‌నంబరు అనేది పేరు, అది అందరికీ తెలుస్తుంది. చీటీ మీద ఉండాల్సింది ఎవరూ ఊహించలేని నంబరు. నోటీసు బోర్డు మీద వేసే నంబరుని తాళంచెవిగా వాడటం ఎంత ప్రమాదమో అతనికి చెప్పినవాళ్లు లేరు.

బాగుచెయ్యడానికి రెండు దారులు కనపడ్డాయి. మొదటిది, చీటీలో రోల్‌నంబరు ఉండనిచ్చి దాని మీద ముద్ర వెయ్యడం. సర్వర్‌కి మాత్రమే తెలిసిన రహస్య పదంతో లెక్క కట్టి ఆ లెక్కని చీటీ చివర అతికిస్తారు. ఎవరన్నా ఒక్క అంకె దిద్దినా ముద్ర కలవదు. ఇది చెడ్డ పద్ధతేం కాదు, చాలామంది వాడతారు. కానీ లోపల రాసింది ఎవరైనా చదవొచ్చు, దిద్దలేరంతే. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, పద్దు అంటూ లేకపోతే ఇచ్చిన చీటీని గడువులోపల వెనక్కి తీసుకోలేం. ఎవరి ఫోనన్నా పోయింది, ఆ చీటీ ఆపండి అంటే ఆపడానికి మన దగ్గర కొట్టెయ్యాల్సిన గీత ఉండదు.

అందుకని రెండోదే పట్టుకున్నాం. రెండు సైట్లకీ ఒకటే పద్దు పుస్తకం.

ఇక్కడే మొదటి తంటా. పీహెచ్‌పీ తన పద్దుని సర్వర్‌లో ఒక ఫైల్లో, తన సొంత లిపి లాంటి పద్ధతిలో రాసుకుంటుంది. పైథాన్ దాన్ని నేరుగా చదవలేదు. మా తాత పద్దు పుస్తకంలో వీసాలూ పరకలూ రాస్తే మా నాన్నకి అర్థం కాక పక్కన పెట్టినట్టే. రెండు వేరు భాషల స్క్రిప్టులు ఒకే పద్దు చూడాలంటే ఇద్దరికీ వచ్చిన రాతలో, ఇద్దరి చేతికీ అందే చోట రాయాలి. డేటాబేసులో ఒక పట్టిక పెట్టాం. అందులో నాలుగే గడులు: చీటీ నంబరు, అది ఏ విద్యార్థిది, ఎప్పుడు మొదలైంది, చివరగా ఎప్పుడు వాడారు. మార్కులు, ఫీజులు, ఫోన్లు ఏవీ ఆ పట్టికలోకి రానివ్వలేదు. పద్దులో ఎంత తక్కువ ఉంటే అంత నిద్ర పడుతుంది.

చీటీ నంబరు 128 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య. అంటే ఉండగల నంబర్లు దాదాపు 34 పక్కన 37 సున్నాలు. చివరి రెండంకెలు మార్చి చూసే ఆట అక్కడితో ముగిసింది.

రెండో తంటా పేర్లది. రెండు సైట్లకీ వేరువేరు చిరునామాలు, చివర మాత్రం కాలేజీ పేరు ఒకటే. కుకీని ఏ చిరునామా ఇచ్చిందో ఆ చిరునామాకే బ్రౌజర్ తిరిగి చూపిస్తుంది. కావాలంటే 'ఈ కాలేజీ పేరుతో ముగిసే చిరునామాలన్నిటికీ చూపించు' అని కుకీ మీద రాయొచ్చు. (కో.ఇన్, గవ్.ఇన్ లాంటి ఊరుమ్మడి తోకలకి రాస్తే బ్రౌజర్ ఒప్పుకోదు, అదొక మేలు.) అట్టా రాసేస్తే అయిపోయేది. కాలేజీ వెబ్ చిరునామాల చిట్టా ఓసారి చూద్దామని అడిగితే అందులో ఒకటి టెక్ ఫెస్ట్ సైటు. పిల్లలు ఎప్పుడో రాసి వదిలేశారు, పాస్‌వర్డ్ ఎంతమంది సీనియర్ల దగ్గరుందో దేవుడికే తెలియాలి. కుకీని అన్నిటికీ అంటే, ఫీజు కట్టే ప్రతి విద్యార్థి చీటీ ఆ పాడుబడ్డ సైటుకి కూడా వెళ్తుంది. ఎవరన్నా అక్కడ కూర్చుని వచ్చినవాటిని వచ్చినట్టు రాసుకుంటే చాలు. అందుకని ఫీజుల సైటునీ మార్కుల సైటునీ ఒకే చిరునామా గుమ్మం కిందికి తెచ్చి, కుకీని ఆ ఒక్క గుమ్మానికే కట్టేశాం. ఉమ్మడి చీటీ పెట్టేముందు ఎవరెవరు ఉమ్మడో చూసుకోమని నాకు తెలిసిన ప్రోగ్రామర్లందరికీ చెబుతున్నాను.

మూడోది కాలం. ఇది నాకు బాగా నచ్చిన గొడవ.

పీహెచ్‌పీ మామూలుగా ఒక సెషన్ని ఎంతసేపు ఉంచుతుందో తెలుసా? 1440 సెకన్లు. భాగిస్తే సరిగ్గా 24 నిమిషాలు. పంచాంగం తిరగేసే ఇంట్లో పుట్టినవాళ్లు ఈపాటికి నవ్వే ఉంటారు. అది ఒక ఘడియ. ఆ సంఖ్య పెట్టినవాళ్లకి మన ఘడియ సంగతి తెలిసి ఉండదు, కాకతాళీయమే. అయినా ఆ అంకె చూసినప్పుడల్లా నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది. పైథాన్ వైపు ఆ మార్కుల సైటుని జాంగో అనే చట్రంలో రాశారు. దాని మామూలు గడువు రెండు వారాలు, పక్షానికి ఒక రోజు తక్కువ. ఒకడు ఘడియకే మర్చిపోతానంటాడు, ఇంకొకడు పక్షం గుర్తుపెట్టుకుంటానంటాడు. ఇద్దరికీ ఒకటే పద్దు అప్పజెబితే ఎవరి మాట చెల్లుతుంది? ఒకే ఫోల్డర్లో పద్దులు దాచుకునే రెండు పీహెచ్‌పీ సైట్లున్నవాళ్లు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. తక్కువ గడువున్న సైటు ఊడవడానికి వచ్చినప్పుడు ఎక్కువ గడువున్నదాని పద్దుల్ని కూడా కలిపి ఊడ్చేస్తుంది. "మా సైట్లో ఊరికే లాగౌట్ అయిపోతోంది" అని తల బాదుకునేవాళ్లలో కొందరి రోగం ఇదే.

ఎంత గడువు పెట్టాలో తేల్చుకోడానికి నేను ఊళ్లో తెలిసిన నెట్ సెంటర్లో ఒక పూట కూర్చున్నాను. కాలేజీ పిల్లల్లో చాలామంది ఫోన్లోనే చూసుకుంటారు గానీ ఫీజు రసీదు ప్రింటు తియ్యాలన్నా, ఫొటో సైజు తగ్గించాలన్నా అక్కడికే వస్తారు. ఆ అన్న పొద్దున తొమ్మిదింటికి క్రోమ్ తెరిస్తే రాత్రి షట్టరు దించేదాకా మూయడు. గడువు రాయని కుకీ బ్రౌజర్ మూస్తే పోతుంది అని పుస్తకాల్లో ఉంటుంది. ఇక్కడ బ్రౌజర్ మూసేదెవరు? పైగా 'ఆపిన చోట నుంచి కొనసాగించు' అనే సెట్టింగు పెట్టి ఉంటే క్రోమ్ మూసి తెరిచినా ఆ కుకీలు అట్టాగే లేచి కూర్చుంటాయి. ఒక పిల్లాడు ప్రింటు తీసుకుని లేచిపోయాడు, ట్యాబు మూశాడు, లాగౌట్ కాలేదు. తర్వాత కూర్చున్న అమ్మాయి అదే సైటు తెరిచింది. ఆమెకి పాస్‌వర్డ్ అడగలేదు, వెళ్లిపోయిన పిల్లాడి పేరుతో స్వాగతం చెప్పింది. ఆ అమ్మాయి మంచిది, "అన్నా, ఇదెవరిదో ఉంది" అని చెప్పి లాగౌట్ నొక్కింది. అన్నిసార్లూ అట్టాంటివాళ్లే కూర్చుంటారని నమ్మి సైటు రాయలేం కదా. పక్షం గడువు ఆ క్షణంలోనే నా లెక్కలో కొట్టుకుపోయింది. ఘడియే ఖాయం చేశాం.

అక్కడ కూర్చుంటే ఇంకో సంగతీ తట్టింది. లాగిన్ పేజీ తెరవగానే, ఎవరో తెలియకముందే, చాలా సైట్లు చీటీ ఇచ్చేస్తాయి. లాగిన్ అయ్యాక కూడా అదే నంబరు కొనసాగితే? ఒక కొంటెవాడు నెట్ సెంటర్లో లాగిన్ పేజీ తెరిచి, చీటీ నంబరు రాసుకుని లేచిపోతాడు. తర్వాత వచ్చిన పిల్ల అదే చీటీ మీద తన పాస్‌వర్డ్ కొడుతుంది. ఇప్పుడా నంబరు ఆమెది. వాడు ఇంటికెళ్లి తన ఫోన్లో అదే నంబరు పెట్టుకుంటే ఆమె ఖాతా వాడి ముందు తెరుచుకుంటుంది. విరుగుడు ఒక్క వరస: పాస్‌వర్డ్ సరిపోయిన క్షణంలో పాత చీటీ చించేసి కొత్త నంబరుతో చీటీ ఇవ్వాలి. పీహెచ్‌పీలో దానికి సిద్ధంగా ఒక ఆజ్ఞ ఉంది. పాత సైటులో అది లేదు.

లాగౌట్ బటన్ సంగతి కూడా చూశాం. పాత సైటులో అది బ్రౌజర్లో ఉన్న చీటీని మాత్రం చెరిపేది. లోపల పద్దు అట్టాగే ఉండేది. చీటీకి నకలు ఎవరి దగ్గరన్నా ఉంటే అది ఇంకా చెల్లుతుంది. ఇప్పుడు ఏ సైటులో లాగౌట్ నొక్కినా పట్టికలో ఆ వరసే కొట్టేస్తాం, రెండు సైట్లూ ఒకేసారి మూసుకుంటాయి.

ఈ నకళ్ల భయం చాదస్తం అనుకునేవాళ్లకి రెండు సంగతులు చెబుతాను. 2010 అక్టోబర్లో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అని ఒక చిన్న పనిముట్టు విడుదల చేశాడు. అప్పట్లో ఫేస్‌బుక్ లాంటి పెద్ద సైట్లు కూడా పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాత్రం సంకేత లిపిలో పంపి, తర్వాత చీటీని బహిరంగంగా అటూ ఇటూ తిప్పేవి. తాళం లేని వైఫై ఉన్న కాఫీ హోటల్లో కూర్చుని ఫైర్‌షీప్ తెరిస్తే చుట్టుపక్కలవాళ్ల ఖాతాలు పేర్లతో సహా వరసగా కనపడేవి. ఒకసారి నొక్కితే లోపలికి వెళ్లొచ్చు. పాస్‌వర్డ్ జోలికి పోవక్కర్లేదు. దీన్ని బయటపెట్టి సిగ్గుపడేలా చేయడమే అతని ఉద్దేశం, అది నెరవేరింది. తర్వాతి ఏళ్లలో చాలా పెద్ద సైట్లు మొదటి నుంచి చివరి దాకా తాళం వేసుకున్నాయి.

రెండోది మొన్నటిది. 2023 మార్చిలో కోటిన్నర మంది చందాదార్లున్న లైనస్ టెక్ టిప్స్ అనే యూట్యూబ్ ఛానెల్ దొంగల చేతిలోకి పోయింది. వాళ్ల ఉద్యోగి ఒకరు ప్రకటన ఒప్పందం అని వచ్చిన ఫైలు తెరిచారు. అందులో దాక్కున్న దొంగ ప్రోగ్రామ్ బ్రౌజర్లో ఉన్న చీటీల్ని ఎత్తుకుపోయింది. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా, ఓటీపీ పెట్టుకున్నా లాభం లేకపోయింది. అవన్నీ గుమ్మం దగ్గర అడిగేవి. చీటీ ఉన్నవాడు గుమ్మం దాటేసినట్టే లెక్క. సత్తెనపల్లి, వినుకొండ నుంచి యూట్యూబ్ ఛానెళ్లు నడిపే తమ్ముళ్లు చాలామంది ఉన్నారు, 'ప్రమోషన్ ఫైలు' అని వచ్చిందేదైనా తెరిచేముందు ఇది గుర్తుంచుకోండి.

మా సైటు చీటీ మీద మూడు షరతులు రాయించాం. తాళం వేసిన దారిలోనే ప్రయాణించాలి. పేజీలో నడిచే జావాస్క్రిప్టు కంటికి కనపడకూడదు. వేరే సైటు నుంచి గుట్టుగా పంపిన ఫారాలతో కలిసి రాకూడదు. మూడోదాన్ని 2020 నుంచి క్రోమ్ తనంతట తానే కొంతవరకు చేస్తోంది. మూడూ కలిపి కోడులో ఒక్క వరసకి మించవు. జీతాలు తక్కువని, సమయం లేదని చెప్పే సాకులు ఈ ఒక్క వరస దగ్గర నేను ఒప్పుకోను.

ఘడియ గడువుకి మాత్రం వెంటనే ఎదురుదెబ్బ తగిలింది. పరీక్ష దరఖాస్తుల వారం వచ్చింది. నెట్ సెంటర్ అన్న ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, మీ సైటు మధ్యలో తోసేస్తోంది. పిల్లలు ఏడుస్తున్నారు."

"24 నిమిషాలు చాలదా అన్నా?"

"ఫారం నాలుగు పేజీల పొడుగుంది. ఫొటో తగ్గియ్యాలి, సంతకం స్కాన్ చెయ్యాలి. ఆ ఓటీపీ ఏమో వాళ్ల నాన్న ఫోన్‌కి పోద్ది. ఆయన చేలో ఉంటాడు. ఫోన్ చెట్టు కింద సంచిలో ఉంటది. ఇంక ఘడియేంది, పూట పడుద్ది."

నిజమే. మీరు గళ్లు నింపుతున్నంతసేపూ సర్వర్‌కి ఏమీ తెలీదు. ఏదో ఒకటి నొక్కి పంపినప్పుడే చీటీ కనపడుతుంది, గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కలోకి వస్తుంది. నింపుతూ నింపుతూ ఘడియ దాటిందా, కొట్టిందంతా పోతుంది. గంటన్నర పెట్టేయండి అన్నారు ఏవో గారు. పెడితే ఆ గంటన్నరా నెట్ సెంటర్ కంప్యూటర్ మీద ఎవరి పద్దు ఎవరి ముందు తెరిచి ఉంటుందో ఆయనకి మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి విన్నారు.

ఫారాన్ని సెషన్లో దాచడం ఆపేశాం. నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్క నింపి ముందుకి నొక్కగానే అది విద్యార్థి పేరు మీద చిత్తుప్రతిగా డేటాబేసులోకి వెళ్లేట్టు రాశాం. చీటీ చచ్చినా చిత్తుప్రతి చావదు. మళ్లీ పాస్‌వర్డ్ కొడితే ఆగిన చోటే తెరుచుకుంటుంది. గడువు ఘడియ దగ్గరే ఉంది.

గడువు తేదీకి ముందు రోజు నేను ప్రింటు కోసం అదే నెట్ సెంటర్‌కి వెళ్లాను. కారంపూడి నుంచి వచ్చిన పిల్లాడొకడు చివరి పేజీ మీద ఉన్నాడు, వాళ్ల నాన్న ఫోన్ ఎత్తట్లేదు. ముప్పై నలభై నిమిషాలు చూసి బయటికెళ్లి టీ తాగొచ్చాడు. ఈలోపు అదే కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని, సైటు తెరిచి, తన పాస్‌వర్డ్ తను కొట్టుకుని, రసీదు తీసుకుని వెళ్లిపోయింది. వాడు తిరిగొచ్చి మళ్లీ లాగినయ్యాడు. మూడు ముక్కలూ నింపినట్టే ఉన్నాయి. అప్పుడు మోగింది ఫోన్. "చెప్పు నానా, కొత్త నంబరొచ్చింది, చదువు" అంటూ వాడు కీబోర్డు దగ్గరికి జరిగాడు.